గారు

మొదటి మాటకే కలం ఆగింది.
పోచమ్మమైదాన్ చౌరస్తల డ్యూటీ మీదున్న ఎస్సై...
పేరు రాసినంక పక్కపొంటి గారు అని పెట్టాల్నా?
మా చిన్నోడు పదో తరగతి,
అర్జీలు రాసుడు బడిల నేర్పిండ్రట.
"పెట్టాలె నాయినా, పెట్టకుంటె తీస్కోరు" అన్నడు.

నన్ను ఆయన ఏరా అన్నడు.
యాభై ఆరేండ్లు నాకు.
మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసున్న మా నాయిన
నా మీద కోపమొస్తె పాణయ్యా అనెటోడు.
మామూలప్పుడు పాణిగా.
కోపం ఎంతయితె అంత మర్యాద ఆయనకు.

తప్పు నాది లేదని గాదు.
హెల్మెట్ ఉండె. హ్యాండిలుకు ఉండె.
ఎక్సెల్ బండికి ముందట నాలుగు జంపఖానలు, ఎనుక ఆరు,
మెడ తిప్పితె కట్ట తగులుతున్నదని తీసి తగిలేసిన.
ఇది గూడ రాయాల్నా?
రాయకుంటె అబద్ధం.
రాస్తె, చదివెటోళ్లు ఆడనే ఆగుతరు.

తాళంచెవి గుంజుకున్నడు.
దీంట్ల ఏముందిరా అని కట్ట మీద లాఠీతోటి కొట్టిండు.
పదకొండు దినాల పని సారూ అని నోటిదాక వచ్చింది.
జంపఖానలు అన్న, గంతే.
కాలర్ పట్టిండు. కొట్టలె.
కొట్టలేదన్నది గూడ రాయాలె గద.
మూడింటికి ఆపి అయిదింటి దాక
చెరుకురసం బండి పక్కకు, నీడ అందనికాడ నిలబెట్టిండు.
బండామె గ్లాసుతోటి నీళ్లు పట్టుకొచ్చి
ఆయన దిక్కు ఒకపారి చూసి
మల్ల తీస్కపోయింది.
ఆమె మీద ఎవలకు చెప్పుకుందు?

రాత్రి ఫోన్ల చలానా వచ్చింది, నూట ముప్పై అయిదు.
పిల్లలు ఫోటోను ఏళ్లతోటి సాగదీసిన్రు.
నా బోడ తల. బండి నంబరు.
ఎడమ దిక్కు అంచుకు
ఖాకీ చెయ్యి, ఎర్రరాయి ఉంగరం,
నా కాలర్ల నాలుగు వేళ్లు.
సర్కారే తీసి సర్కారే పంపిన సాక్ష్యం!
చిన్నోడు దుంకులాడిండు.
నాకు నిద్ర పట్టలె.

తీసింది హోంగార్డు. అంగి మీద యాకయ్య అని ఉన్నది,
అన్నారం దర్గకు మొక్కితె పుట్టినోడేమో.
తాళంచెవి నా చేతుల పెట్టుకుంట
"ఫోటో మంచిగచ్చింది కాకా, ఇంటికి పోయి సూస్కో" అన్నడు, మెల్లగ.
ఎక్కిరిస్తున్నడనుకున్న.
నంబరు కోసమైతె అంత ఎడమకు ఎందుకు జరిగినట్టు?
జరిగిండా, చెయ్యే వచ్చి పడ్డదా?
పోయి అడగరాదు.
అడిగితె కాదంటడు, అనాలె గూడ.
దినం లెక్కన జీతం.
నేను కాగితం పెట్టిన్నాడు ఆఫీసుల మొట్టమొదలు అడిగేది
ఈ ఫోటో ఎవడు తీసిండనే.

సంఘం కాడ వెంకటనర్సు అన్నడు:
"ఆయినె రేపో మాపో బదిలీ అయితడు.
చౌరస్తకు బదిలీ లేదు, నువ్వు రోజు దాటాలె."

సులోచన కండెలు చుట్టుకుంట తల ఎత్తలె.
"అంగి ఉతికిన. ఇస్త్రీ గూడ జేసిన. మరకేం లేదు."
జరసేపటికి,
"లేకుంటె మాయె గని, నువ్వు తొడుగుతలేవు" అన్నది.

ఫోటో తీసేసి ఇంకో కాగితం రాసిన.
నా మాట ఒక్కటే మిగిలింది,
ఒంటి పోగు లెక్క, అటు ఇటు ఊగుకుంట.

ఇయ్యాల సోమవారం.
ఆ అంగే తొడిగిన. జేబుల రెండు కాగితాలు,
ఒకటి ఫోటోతోటి, ఒకటి ఒట్టిది.
హెల్మెట్ నెత్తికుంది.
గారు మాత్రం రెండిట్ల పెట్టిన,
మా నాయిన పాణయ్యా అన్నట్టు.

చౌరస్తల ఆయన లేడు.
ఎండల యాకయ్య ఒక్కడే.
నన్ను గుర్తువట్టిండో లేదో,
హెల్మెట్‌ల మొఖం ఏం కనవడ్తది.
చెయ్యి ఊపిండు, పో పో అని.
సుబేదారి దిక్కా, ఇంటి దిక్కా,
అందరికా, నాకా,
ఎనుక లారోడు హారన్ కొడుతుండు.